కింకాపు: ఈ మాట ఎక్కడిది?

గచ్చుబావి | శనివారం, రాత్రి 9:40

పోయిన వారం మా నాన్న పాత ఇల్లు ఖాళీ చేశాం. నాయనమ్మ ట్రంకు పెట్టె అడుగున, పాత పంచె ముక్కలో చుట్టిపెట్టిన ఒక చిన్న టోపీ దొరికింది. మా నాన్నకు ఏడాది నిండినప్పుడు పెట్టిందట. నాయనమ్మ బతికున్నన్నాళ్లూ దాన్ని "కింకాపు టోపీ" అనేది. నేను చూడటం ఇదే మొదటిసారి.

అరచేతిలో పట్టేంత టోపీ. ముదురు ఎరుపు పట్టు మీద బంగారు పూలు, పువ్వుకూ పువ్వుకూ మధ్య చిటికెన వేలు పెట్టే సందు కూడా లేదు. చేతిలోకి తీసుకుంటే మాత్రం ఇంత చిన్నదానికి ఇంత బరువేంటి అనిపించింది. లోపల తెల్ల నూలు అస్తరు, ఒక పక్క చిరిగింది.

రెండు సందేహాలున్నాయి. ఈ కింకాపు ఏ భాష మాట? మా ఇంట్లో "కల్లో కూడా కనిపించనిది అని అర్థం" అంటున్నారు, నిజమేనా? రెండోది, మాది కలిగిన కుటుంబం కాదు. తాత హైదరాబాదులో ఒక దర్జీ దుకాణంలో కాజాలు కుట్టేవాడు, గుండీలు వేసేవాడు. ఇంత ఖరీదైన గుడ్డ మా ఇంట్లోకి ఎలా వచ్చినట్టు?

---

ఉర్దూచాయ్ | శనివారం, రాత్రి 10:15

మీ నాయనమ్మ కింకాపు అన్నది మేం కమ్‌ఖాబ్ అనేదే, జరీ దట్టంగా నేసిన పట్టు గుడ్డ. ఉర్దూలో రాసేటప్పుడు కమ్‌ఖ్వాబ్ అని రాస్తాం, మధ్యలో 'వ' పలకదు. కమ్ అంటే తక్కువ. ఖ్వాబ్ అంటే కల, నిద్ర కూడా. అంత గొప్ప గుడ్డ కలలో కూడా కనిపించడం అరుదు అని ఒక అర్థం చెప్తారు. మా అమ్మమ్మ ఇంకోలా చెప్పేది: జరీ గరుకు ఒంటికి గుచ్చుకుని నిద్ర పట్టనివ్వదు, అందుకని ఆ పేరు. మా ఇంట్లో ఒక దిండు గలీబు ఉండేది, దాని మీద చెంప ఆనించి పడుకుంటే పూల అచ్చు పడేది. కాబట్టి అమ్మమ్మ మాటే నాకు నిజం.

---

నిఘంటునేస్తం | శనివారం, రాత్రి 11:02

ఉర్దూచాయ్ గారూ, మీ అమ్మమ్మ మాట ఎంత ముచ్చటగా ఉందో! దానికి తోడు మూడోది కూడా ఉంది. ఫార్సీలో ఖ్వాబ్ అంటే మఖమల్ మీద ఉండే నూగు కూడా. అంటే కమ్‌ఖ్వాబ్ నూగు తక్కువున్న గుడ్డ అని. ఈ మూడింటిలో గుడ్డ గురించి తెలిసినవాళ్లు చెప్పినట్టుండేది ఇదే.

కానీ మూడింటికీ ఒకటే అడ్డం. ఈ మాట పాత రూపాల్లో చివర 'బ' లేదు.

ఫార్సీలో ముందున్నది 'కమ్‌ఖా'. టర్కీ వాళ్లు 'కెమ్హా' అన్నారు, బుర్సా, ఇస్తాంబుల్ మగ్గాల మీద నేసిన జరీ పట్టుకు ఆటోమన్ కాలంలో అదే పేరు. గ్రీకులో 'కమూఖాస్'. రష్యన్‌లో 'కమ్కా'. 1404లో స్పెయిన్ రాజు దూతగా సమర్‌ఖండ్ వెళ్లి తైమూరును కలిసిన క్లావిహో 'కమొకాన్' అని రాశాడు. ఇన్ని నోళ్లలో ఎక్కడా 'బ' వినపడదు. కల నుంచి పుట్టిన పేరే అయితే దారిలో ఇంతమందీ ఆ చివరి అక్షరాన్నే పారేసుకున్నారా? అంతకంటే సులువైన దారి ఉంది. కమ్‌ఖా అనే మాట అప్పటికే ఉంది, దాని అర్థం ఫార్సీ వాళ్లకే తెలియదు. తెలియని మాటకు తెలిసిన మాటను తొడిగారు. అప్పుడు 'ఖా' కాస్తా 'ఖాబ్' అయింది.

మరి కమ్‌ఖా ఎక్కడిది? 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ అనే నిఘంటువులో, అంటే ఇండియాలోని ఇంగ్లీషు వాళ్లు వాడిన మాటల పుస్తకంలో, దీని మీద మంచి చర్చ ఉంది. బర్నెల్ మన మద్రాసు ప్రెసిడెన్సీలోనే జడ్జిగా చేసినవాడు, పుస్తకం అచ్చులో చూసుకోకముందే పోయాడు. వాళ్లు దీన్ని చైనా మాటగా ఎంచారు. మొదటి సగం 'కిన్', అంటే బంగారం. ఫూకియన్ ప్రాంతం వాళ్ల నోట అది 'కిమ్'. 'కిమ్-హొవా', బంగారు పువ్వు అయి ఉంటుందా అని అడిగి వదిలేశారు. బంగారం దగ్గర వాళ్లకు సందేహం లేదు. పువ్వు దగ్గరే ప్రశ్న.

---

సింగపూర్‌సీతక్క | ఆదివారం, ఉదయం 7:30

ఇది చదివి పొద్దున్నే మా పక్కింటి ఆంటీ తలుపు కొట్టాను! వాళ్లు హొక్కియెన్ మాట్లాడతారు, అంటే పైన చెప్పిన ఫూకియన్ భాషే. బంగారం ఏమంటారు అంటే "కిమ్" అంది. పువ్వు "హుయె". జరీ పట్టుకు కూడా దాదాపు అదే "కిమ్", కాస్త స్వరం మార్చి.

తర్వాత కాగితం మీద రాసి చూపించింది. జరీ పట్టుకు రాసే అక్షరంలో ఎడమ పక్క బంగారం గుర్తు, కుడి పక్క పట్టుగుడ్డ గుర్తు. రెండూ కలిపి ఒకే అక్షరం. నాకు ఒళ్లు జలదరించింది. బీజింగు వైపు వాళ్లు ఇప్పుడు "జిన్" అంటారని, పాతకాలం పలుకు దక్షిణాది వాళ్ల దగ్గరే మిగిలిందని చెప్పింది.

---

నిఘంటునేస్తం | ఆదివారం, ఉదయం 8:05

సీతక్కా, చాలా పెద్ద పని చేశారు. ఆ 'మ్' దగ్గరే అసలు కీలకం. పాత చైనా పలుకులో బంగారానికీ, జరీ పట్టుకూ రెండింటికీ చివర 'మ్' ఉండేది. ఉత్తరాదిలో అది 'న్'గా మారింది. దక్షిణాన కాంటన్ వాళ్లు ఇప్పటికీ రెండింటినీ 'గమ్' అంటారు, స్వరం ఒక్కటే తేడా. వియత్నాంలో జరీ పట్టు 'గమ్', కొరియాలో 'గుమ్'. ఆ 'మ్' ఊడిపోకముందే మాట పడమటికి బయల్దేరిందని మన 'కమ్‌ఖా'లోని 'మ్' చెప్తోంది. అక్షరం అరిగిపోయాక బయల్దేరి ఉంటే మనం కన్‌ఖా అనేవాళ్లమేమో.

---

పడుగుపేక | ఆదివారం, ఉదయం 11:20

నేను మగ్గం మనిషిని, గద్వాల దగ్గర. మాటల సంగతి మీరు చూసుకోండి, గుడ్డ సంగతి నేను చెప్తాను.

మీ కింకాపును మేం కింఖాబు అంటాం. దాని మీద పువ్వు అద్దింది కాదు, కుట్టింది కాదు, నేతలోనే పుట్టింది. పడుగు, అంటే నిలువు దారం, పట్టు. పేకలో, అంటే అడ్డంగా పోయే దారంలో, పట్టుతో పాటు జరీ పోతుంది. మేం చీర నేస్తే జరీ అంచుకూ కొంగుకూ పోతుంది, ఒంట్లో బుటాలు అక్కడక్కడ వేస్తాం. కింఖాబులో అలా కాదు, జరీ గుడ్డ నేలనే కప్పేస్తుంది. అందుకే బరువు. ఆ గుడ్డ కుచ్చిళ్లకు లొంగదు, ఒంటి మీద వాలదు. షేర్వానీకి, లంగాకు, అంబారీ మీద గుడ్డకు, దేవుడి పందిరికి పనికొస్తుంది. దీనికి పేరుపడ్డ ఊళ్లు బనారస్, అహ్మదాబాద్, సూరత్.

పాతరోజుల్లో మగ్గం పైన ఒక పిల్లాడు కూర్చుని, కింద నేసేవాడు చెప్పినప్పుడల్లా వరసగా తాళ్లు లాగేవాడు. ఏ తాడు ఎప్పుడు లాగాలో ముందే కట్టిపెట్టేవాణ్ణి నక్షబంద్ అనేవాళ్లు. పువ్వంతా అతని ముడుల్లోనే ఉండేది. తర్వాత జకార్డు పెట్టె వచ్చింది, ఫ్రాన్సులో 1800 దాటిన తొలి ఏళ్లలో తయారైంది. ఇప్పుడు అట్టలకు కొట్టిన చిల్లులే ఆ పిల్లాడి పని చేస్తున్నాయి.

గచ్చుబావి అన్నా, ఒక పని చెయ్యి. అస్తరు చిరిగిందన్నావు కదా, అందులోంచి గుడ్డ వెనక వైపు చూడు. జరీ దారం ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు వెనకనే పోతుందా, లేక పువ్వు దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతుందా? అంచు నుంచి అంచుకు పేక దారం మోసే నాడె విసిరితే బనారస్ వాళ్లు 'ఫేక్వా' అంటారు. ఒక్కో పువ్వుకు విడిగా కండె పెట్టి చేత్తో ఎక్కిస్తే 'కఢువా'. రెండోదానికి రోజులు పడతాయి. అలాగే ఎక్కడైనా జరీ అరిగి లోపలి దారం కనిపిస్తే రంగు చూడు.

---

గచ్చుబావి | ఆదివారం, మధ్యాహ్నం 2:45

చూశాను అన్నా. వెనక దారాలు అడ్డంగా పోవడం లేదు. ప్రతి పువ్వు వెనకా జరీ ఆగి, చిన్న మలుపు తిరిగి, మళ్లీ లోపలికి పోయింది. టోపీ అంచు దగ్గర జరీ బాగా అరిగింది, లోపల పసుపు పట్టుదారం కనిపిస్తోంది. మా నాన్న భూతద్దం పెట్టి గంటసేపు చూశాడు.

---

పడుగుపేక | ఆదివారం, సాయంత్రం 4:10

కఢువా. పసుపు పట్టు అంటే పాత పద్ధతి జరీ. వెండిని రంధ్రాల పలకల్లోంచి లాగి లాగి వెంట్రుకంత తీగ చేసి, దాన్ని చదును కొట్టి, పట్టుదారానికి చుట్టేవాళ్లు, వెండికి బంగారు పూత ఉండేది. పై పూత అరిగినా లోపలి పసుపు కనిపించి బంగారంలానే ఉంటుందని పసుపు దారం వాడేవాళ్లు. కంచి వైపు ఎర్ర దారం వాడతారు, గీరి చూస్తే ఎరుపు రావాలంటారు అందుకే.

దాన్ని ఉతకొద్దు. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలనివ్వొద్దు, నల్లబడుతుంది. మీ నాయనమ్మ చుట్టిన పాత పంచె ముక్కే దానికి మంచిది, అందులోనే పెట్టు.

---

కొంగుముడి | ఆదివారం, సాయంత్రం 6:30

ఈ చర్చ చదువుతుంటే ఒకటి గుర్తొచ్చి మనసు పాడైంది. మా చిన్నప్పుడు వీధిలోకి "పాత జరీ చీరలు కొంటాం" అని కేకేసుకుంటూ వచ్చేవాళ్లు. మా అమ్మ తన పెళ్లిచీర అమ్మేసింది. అప్పుడు నాన్నకు రెండు నెలలుగా జీతం లేదు. వచ్చినతను కొంగు కొసన ఒక దారం లాగి, మా గడప మీదే అగ్గిపుల్లతో కాల్చాడు. మిగిలిన నుసిని గోటితో నలిపి చూసి తల ఊపాడు. ఆ తర్వాత కత్తెర తీసి అంచులు వేరు చేశాడు, తూచాడు. చీర మధ్య భాగం తనకు అక్కర్లేదని అమ్మ చేతికే ఇచ్చేశాడు. ఆ ముక్కతో అమ్మ నాకు పరికిణీ కుట్టింది. కట్టుకున్నప్పుడల్లా అమ్మ నా వైపు చూసేది కాదు.

గచ్చుబావి గారూ, మీ నాయనమ్మ దాన్ని అమ్మకుండా దాచింది చూశారా. ఆ రోజుల్లో ఆ టోపీలోని వెండికి కూడా ఎంతో కొంత వచ్చేది.

---

నిఘంటునేస్తం | ఆదివారం, రాత్రి 7:15

మీ అమ్మగారిది తప్పేం లేదండీ. రాజుల ఇళ్లలోనూ జరిగింది అదే. పాత కింఖాబులు మనకు ఇంత తక్కువ మిగలడానికి పెద్ద కారణం పురుగు కాదు, నిప్పు. గుడ్డ కాల్చి వెండి, బంగారం తీసుకున్నారు.

---

ఔరంగాబాద్‌అల్లుడు | ఆదివారం, రాత్రి 8:20

మా అత్తగారి ఊరు ఔరంగాబాద్, ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్ అంటున్నారు. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోదే, కాబట్టి ఈ కథలో మన వాటా చాలానే ఉంది. అక్కడ కింఖాబూ నేసేవాళ్లు, దానికి చెల్లెలి లాంటి 'హిమ్రూ' కూడా నేసేవాళ్లు. హిమ్రూలో పడుగు నూలు, పైన పట్టు పూలు. 'హమ్‌రూ', అంటే అదే ముఖం ఉన్నది, కింఖాబులా కనిపించేది అని పేరుకు అర్థం చెప్తారు. నిజాం కాలంలో హైదరాబాదు షేర్వానీలకు హిమ్రూ బాగా నడిచింది.

పక్కనే ఇంకో పేరు 'మష్రూ'. అరబ్బీలో ధర్మం ఒప్పుకున్నది అని. ఇస్లాంలో మగవాళ్ల ఒంటికి అచ్చమైన పట్టు తగలకూడదని నియమం కదా, అందుకని ఒంటికి తగిలే వైపు నూలు, బయటికి కనిపించే వైపు పట్టు వచ్చేలా నేశారు. ఒక నియమానికి నేతగాడు మగ్గం మీద చెప్పిన జవాబు అది. నాకైతే ఈ మాటలన్నిటిలో ఇదే ఇష్టం.

---

ఉర్దూచాయ్ | ఆదివారం, రాత్రి 9:00

నిఘంటునేస్తం గారూ, మీ 'బ' వాదానికి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అయినా ఒక మాట. వందల ఏళ్లుగా మా వాళ్లు కమ్‌ఖ్వాబ్ అని రాస్తున్నారు, విన్న ప్రతివాడికీ కల గుర్తొస్తుంది. మూలం కాకపోయినంత మాత్రాన అది అబద్ధం అయిపోతుందా?

---

నిఘంటునేస్తం | ఆదివారం, రాత్రి 9:35

కాదండీ. పుట్టుక ఒకటి, బతుకు ఇంకొకటి. మాట బతుకులో మీ అమ్మమ్మ చెప్పిన కల కూడా నిజమే. మన తెలుగులో దీనికి సరైన జోడీ 'జలతారు'. నీటి మీది మెరుపులా ఉంటుంది కాబట్టి ఆ పేరని చాలామంది అనుకుంటారు. అసలు అది ఫార్సీ: 'జర్' బంగారం, 'తార్' తీగ. మరాఠీలో ఇప్పటికీ 'జరతారీ' అంటారు. దగ్గర దగ్గరగా రెండు 'ర'లు వస్తే నాలుక ఒకదాన్ని 'ల' చేస్తుంది, సంస్కృతం 'దరిద్ర' ప్రాకృతంలో 'దలిద్ద' అయినట్టు. మార్పు నాలుకది, కానీ 'జల' అని వినపడ్డాక చెవికి అది నచ్చింది, నిలిచిపోయింది. బంగారు తీగ మన దగ్గరకొచ్చి నీళ్లయింది. చైనా బంగారం ఇరాన్‌లో కలయింది. రెండూ ఒకే పని.

ఇంకో సంగతి. పైన రష్యన్ 'కమ్కా' అన్నాను కదా. త్వేర్ ఊరి వర్తకుడు అఫనాసీ నికితిన్ 1470 ప్రాంతంలో బీదర్‌లో ఉన్నాడు. బహమనీల రాజధానిలో గుర్రాలు, పట్టు, కమ్కాలు అమ్ముతారని తన రాతల్లో చెప్పాడు. అంటే మన దక్కన్ సంతలో ఆ గుడ్డను చూసిన పరదేశికి దాని పేరు కొత్త కాదు. వాళ్ల ఊళ్లోనూ అదే పేరు.

---

వెలిపట్టు | ఆదివారం, రాత్రి 10:50

ఫార్సీ మాట రాకముందు మన దగ్గర పేర్లు లేవనుకోకండి. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో చీరల పేర్లు ఊపిరాడనివ్వకుండా వరసగా వస్తాయి. మంచుపుంజం, మణిపట్టు, హంసవడి, వీణావళి... ఒక్కొక్కటీ చదువుతుంటే కొట్టు అరలు తెరిచి చూపిస్తున్నట్టే ఉంటుంది. ఆ వరసలో 'మహాచీని', 'చీని' ఉన్నాయి. 'పొంబట్టు' ఉంది. పొన్ను అంటే బంగారం, పొందామరలో ఉన్న పొన్నే. పొన్ను, పట్టు కలిస్తే పొంబట్టు. సీతక్క పక్కింటి ఆంటీ కాగితం మీద రాసిన అక్షరంలో ఎడమన బంగారం, కుడిన పట్టు అన్నారు కదా. మన మాటలో కూడా సరిగ్గా అదే వరస!

మన కథల్లో రాజు మెచ్చుకుంటే "చీని చీనాంబరాలు" ఇస్తాడు. ఒక్క మాటలో చైనా రెండుసార్లు. శాకుంతలం మొదటి అంకం చివర దుష్యంతుడి మనసు వెనక్కి లాగుతుంటే, గాలికి ఎదురు తీసుకుపోతున్న జెండా మీది చీనాంశుకంలా ఉందంటాడు కాళిదాసు. కమ్‌ఖా కంటే ఎంతో ముందే చైనా పట్టు ఇక్కడ రెపరెపలాడుతూనే ఉంది.

---

సింగపూర్‌సీతక్క | సోమవారం, ఉదయం 6:50

పొంబట్టు! మా అమ్మాయికి ఈ మాట నేర్పించేశాను. పక్కింటి ఆంటీకి కూడా చెప్పాను, రెండుసార్లు పలికి చూసుకుంది.

ఇంకొకటి. ఆంటీ వాళ్ల బంధువులకు టిబెట్ బౌద్ధ మఠంతో పరిచయం ఉందట. అక్కడ గుడ్డ మీద గీసే తంకా అనే బౌద్ధ పటాల చుట్టూ కుట్టే జరీ పట్టు ఇండియా నుంచే వస్తుందని చెప్పింది. నిజమేనా?

---

పడుగుపేక | సోమవారం, ఉదయం 9:00

నిజమే అక్కా. బనారస్‌లో దాన్ని 'గ్యాసర్' అంటారు, టిబెట్ వాళ్ల కోసమే నేసే కింఖాబు. డ్రాగన్లు, తామరలు ఆ డిజైన్లలో ఉంటాయి.

గచ్చుబావి అన్నా, నీ రెండో ప్రశ్న ఎవరూ పట్టించుకోలేదు. టోపీని పట్టుకుని చూడు. పువ్వు తొడిమ ఎటు ఉంది? కిందికా, పక్కకా? అతుకులు ఎన్ని ఉన్నాయి?

---

గచ్చుబావి | సోమవారం, రాత్రి 8:30

తొడిమలు కిందికి లేవు. ఎడమ పక్కవి చెవి వైపు తిరిగి ఉన్నాయి, కుడి పక్కవి నెత్తి వైపు. ఇన్నాళ్లూ అదో డిజైన్ అనుకున్నాం. మొత్తం ఐదు ముక్కలు, అతుకులు దగ్గర దగ్గరగా, చాలా సన్నటి కుట్టు. ఒక ముక్క వెడల్పు నా రెండు వేళ్లంత కూడా లేదు.

---

పడుగుపేక | సోమవారం, రాత్రి 8:55

గుడ్డ నిండుగా ఉంటే ఏ దర్జీ పువ్వును అడ్డం తిప్పడు. అవి కత్తిరింపులో మిగిలిన ముక్కలు. ఎవరి షేర్వానీకో చేతులు, చంకలు కోసినప్పుడు పడ్డవి అయి ఉంటాయి. ఐదు ముక్కలు ఒక రోజులో దొరికేవి కావు. ఒకే థాను గుడ్డ దుకాణానికి వచ్చిన ప్రతిసారీ ఒక్కో ముక్క దాచుకుని ఉండాలి, దుకాణదారు ఇవ్వనైనా ఇచ్చి ఉండాలి. ఆ అతుకుల కుట్టు, కాజా కుట్టు ఒకే చేతివో కాదో మీ నాన్నను చూడమను. తాత చేత్తో కుట్టిన చొక్కా ఏదైనా ఇంట్లో ఉందా?

---

గచ్చుబావి | సోమవారం, రాత్రి 10:20

ఒకటి ఉంది. నాన్న బీరువాలోంచి తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. రేపు పగటి వెలుతురులో రెండింటి ఫొటోలూ పెడతాను.